ఐరోపా ‘వైపర్’ పాముకు తెలుగులో ఏ మాట వాడాలి?

మధ్యయుగ ఐరోపాలో పాముకాటు వైద్యం గురించి హైస్కూలు పిల్లల కోసం ఒక వ్యాసం రాస్తున్నాను. థెరియాక్ అనే మందు దగ్గర నాలుగు రోజులుగా ఆగిపోయాను.

నీరో చక్రవర్తి వైద్యుడు ఆండ్రోమాకస్ పేరుతో నిలిచిన ఈ మందును మధ్యయుగంలోనూ విషాలకు వాడారు. అందులో సుమారు 64 దినుసులు. తేనె, నల్లమందు, వాటితోపాటు వైపర్ మాంసం. పాము తల, తోక కోసేసి, మిగిలిన భాగాన్ని ఉప్పు వేసి ఉడికించి, రొట్టె పొడితో నూరి బిళ్లలు చేసేవారు. కరిచే జీవి ఒంట్లోనే దాని విషానికి మందు ఉంటుందన్న నమ్మకం దీని వెనుక ఉంది. నా వ్యాసానికి ప్రాణం ఇదే, కాబట్టి పాము పేరు తప్పకూడదు.

మొదట ‘రక్తపింజరి’ అని రాశాను. చదివిన ఇద్దరూ అది ఐరోపాలో ఉందా అని అడిగారు. వారి సందేహం సరైనదే, అక్కడిది వేరే జాతి. ‘విషసర్పం’ అంటే నాగుపాము కూడా వచ్చేస్తుంది. ‘పింజరి’ అని మాత్రమే రాస్తే దూదేకేవారని పొరబడే ప్రమాదం ఉంది. ‘వైపర్’ అనే ఉంచితే పిల్లలు కారు అద్దం తుడిచే వైపర్ అనుకున్నారు! నిఘంటువులు నన్ను మళ్లీ రక్తపింజరి దగ్గరకే తెచ్చాయి.

రక్తపింజరి ఒక్కదాన్నే కాకుండా ఆ కుటుంబపు పాములన్నిటినీ కలిపి చెప్పే తెలుగు మాట మీ ప్రాంతంలో ఏదైనా ఉందా?