కీళ్లు వదులుగా ఉన్నవాళ్లకు కళ్లు తిరగడం, కడుపు ఉబ్బరం కూడా అందుకేనా?

పటమట అమ్మ: మా అమ్మాయికి 19. ఏడేళ్లు కూచిపూడి నేర్చుకుంది, ఒళ్లు విల్లులా వంగుతుందని అందరూ మెచ్చుకునేవాళ్లు. ఇంటర్‌లో ఉండగా భుజం గూడ జారడం మొదలైంది, ఇప్పుడు బరువైన తలుపు లాగినా జారుతుంది. దాంతోపాటు లేచి నిలబడితే గుండె దడ, కళ్లు తిరగడం, ఏం తిన్నా కడుపు ఉబ్బరం, పొద్దున్నే నీరసం. ఎముకల డాక్టరు గూడ వరకే చూశారు, గుండె డాక్టరు గుండె బాగుందన్నారు, కడుపు డాక్టరు గ్యాస్ బిళ్లలు రాశారు. చివరికి ఒకరు హైపర్‌మొబైల్ ఎలర్స్ డాన్లోస్ అన్నారు, పుట్టుకతోనే కీళ్లు అతిగా వదులుగా ఉండే జబ్బట. ఇవన్నీ ఒక్క జబ్బు వల్లేనా?

గుంటూరు మాస్టారు: అన్నిటినీ ఒకే గాటన కట్టకండమ్మా. 31 ఏళ్లు బయాలజీ చెప్పాను. కీళ్లు ఎంత వంగుతాయో చూసి వేసే బైటన్ స్కోరు ఎంత? ఆ వయసుకు 9కి కనీసం 5 ఉండాలి. ఈ జబ్బును గుర్తుపట్టడానికి 2017లో వచ్చిన ప్రమాణాల్లో కళ్లు తిరగడం, ఉబ్బరం లేనే లేవు.

పటమట అమ్మ: 7 వచ్చింది సార్.

గుంటూరు మాస్టారు: ఆ స్కోరులో మోకాళ్లు ఎలా కొలిచారు? వెనక్కి 10 డిగ్రీలు దాటాలి. కోణం కొలిచే గోనియోమీటరు పెట్టారా, కంటితో చూసి రాశారా?

కృష్ణలంక కుర్రాడు: మా చెల్లి బొటనవేలు కూడా వంచితే ముంజేతికి తగులుతుంది. దానికి ఏ జబ్బూ లేదు.

బ్రాడీపేట ఫిజియో: వంగడం ఒక్కటే అయితే జబ్బు కాదు తమ్ముడూ, చాలామంది అలాగే ఉంటారు. మాస్టారు చెప్పిందీ నిజమే, ప్రమాణాల్లో అవి లేవు. కానీ ఎందుకు లేవో కూడా చెప్పాలి కదండీ. అవి వేరే జబ్బుల్లోనూ వస్తాయి, వాటిని బట్టి ఈ జబ్బును గుర్తుపట్టలేం, అందుకని తీసుకోలేదు. జ్వరం ఒక్కటే చూసి టైఫాయిడ్ అనలేం, అలాగని టైఫాయిడ్‌లో జ్వరం రాదని కాదు. కీళ్లను పట్టి ఉంచే కొలాజెన్ అనే ప్రోటీన్ రక్తనాళాల్లోనూ పేగుల్లోనూ ఉంటుంది, నాళాలు సాగి కాళ్లలో రక్తం నిలిచిపోతుందని ఒక వివరణ ఉంది. ఈ రకానికి కారణమైన జీన్ ఇంకా దొరకలేదు, కాబట్టి అది ఖాయమని నేను అనను. నిలబెట్టి పల్స్ చూశారా అమ్మా? పది నిమిషాల్లో బీపీ పడకుండా పల్స్ 30 పెరిగితే పాట్స్ అని, అంటే నిలబడితే గుండె వేగం అతిగా పెరిగే జబ్బని అనుమానిస్తారు, 19 ఏళ్ల వరకు 40 పెరగాలి.

పటమట అమ్మ: చూశారు. పడుకుంటే 78, నిలబడ్డ ఎనిమిదో నిమిషానికి 126. బీపీ పడలేదు.

గుంటూరు మాస్టారు: రక్తం తక్కువైనా పల్స్ అలాగే పెరుగుతుంది. టెన్షన్‌కీ పెరుగుతుంది. ఈ కాలం పిల్లలు ఫోన్‌లో చూసి ప్రతిదానికీ ఒక పేరు తెచ్చుకుంటున్నారు.

పటమట అమ్మ: హిమోగ్లోబిన్ 12.4, థైరాయిడ్ మామూలే, రెండుసార్లు చేయించాం. అడక్కుండానే తీర్పు చెప్పేశారు. మా బావగారూ టెన్షనే అంటారు. పోయిన దసరాకు మూలా నక్షత్రం రోజు అమ్మవారి కొండ మీద క్యూలో నిలబడి నిలబడి నా చేతుల్లో పడిపోయింది. ఇంటికొచ్చాక ఆయన అన్నమాట, పెళ్లి చేస్తే అన్నీ సర్దుకుంటాయని. పిల్ల గదిలోకి వెళ్లి తలుపేసుకుంది. నాటకమాడుతోందని ఇంట్లోవాళ్లే అనుకుంటే అది ఎవరికి చెప్పుకోవాలి?

తెనాలి రమణి: అక్కా, పెళ్లి మాట అస్సలు పట్టించుకోకు.

గుంటూరు మాస్టారు: నా మాట కటువుగా ఉంటే క్షమించమ్మా, ఆ అమ్మాయిది నాటకమని నేను అనలేదు. మా చెల్లెలికి నరాల బలహీనత అని పేరు పెట్టారు. కళ్లు తిరిగినా నరాలే, కడుపు నొచ్చినా నరాలే, ఆరేళ్లు అలాగే గడిచాయి. కడుపులో పుండు నుంచి రక్తం పోతోందని తెలిసేసరికి హిమోగ్లోబిన్ 5. ఒక పేరు పడ్డాక ఇంకెవరూ వెతకరు. నా భయం అదీ.

పటమట అమ్మ: మాకు పేరు పడేదాకా ఎవరూ వెతకలేదు సార్.

బ్రాడీపేట ఫిజియో: పేరు ఉన్నా కొత్త బాధ వస్తే విడిగా చూపించాల్సిందే, ముఖ్యంగా బరువు తగ్గినా, మలం నల్లగా వచ్చినా. ఈలోపు నీళ్లు బాగా తాగించండి, ఉప్పు ఎంత పెంచాలో డాక్టరును అడగండి, తొడల దాకా వచ్చే బిగుతు సాక్సులు ఎండాకాలం కష్టమే కానీ పనికొస్తాయి. వ్యాయామం పడుకుని, కూర్చుని చేసేవాటితో మొదలుపెట్టాలి. ఒళ్లు సాగదీసే ఆసనాలు మాన్పించండి, దానికి కావలసింది కండ బలం.

గుంటూరు మాస్టారు: మంచి మాట. మోకాలు మాత్రం గోనియోమీటరుతో కొలిపించండి.

పటమట అమ్మ: సరే సార్, కొలిపిస్తాను. ఆ కాగితం మా బావగారికి కూడా చూపిస్తాను.