ఇల్లు మారితే పిల్లాడికి ఫ్రెండ్ దూరం, మారకపోతే నాన్న దూరం. ఏది నయం?

మూడో అంతస్తు నాన్న:
ఆఫీసుకి వెళ్లడానికి గంటన్నర, రావడానికి గంటన్నర. నేను ఇల్లు చేరేసరికి మా తొమ్మిదేళ్ల బాబు సగం నిద్రలో ఉంటాడు. ఆఫీసు దగ్గర్లో ఇల్లు దొరికింది. మారితే రోజుకి రెండు గంటల పైనే మిగులుతాయి. చిక్కల్లా పక్క ఫ్లాట్‌లో ఉన్న వాడి ఫ్రెండ్‌తోనే. ఇద్దరి గదులకీ మధ్య ఒకటే గోడ. మూడుసార్లు తడితే 'బయటికి రా', ఒక్కసారి తడితే 'అమ్మ వద్దంది'. ఇల్లు మారతామేమో అన్న మాట చెవిన పడ్డప్పటి నుంచి వాడు నాతో ముక్తసరిగా మాట్లాడుతున్నాడు. మా ఆవిడా వద్దంటోంది. మీరైతే ఏం చేస్తారు?

ఐదు బళ్లు మారినవాడు:
మారండి సార్, ఇందులో ఆలోచించడానికేముంది? పిల్లలు నెల తిరక్కుండా కొత్తవాళ్లని వెతుక్కుంటారు. నేను ఐదు బళ్లు మారాను, ఏమైంది? సెలవు రోజున ఇద్దరినీ కలపండి, వీడియో కాల్ ఉండనే ఉంది. అనవసరంగా టెన్షన్ పడుతున్నారు.

ఊరి చివరి అమ్మాయి:
"ఏమైంది" అన్నారు కాబట్టి అడుగుతున్నా. ఆ ఐదు బళ్లలో ఫ్రెండ్స్ ఎంతమందితో ఇప్పుడు మాట్లాడుతున్నారు?
నా పదో ఏట మేం ఇల్లు మారాం. వేరే ఊరేం కాదు, అదే ఊళ్లో ఆ చివరికి. పెద్దవాళ్లకి అది ఒక బస్సు దూరం. ఒంటరిగా బస్సెక్కనివ్వని పిల్లకి అది వేరే దేశం. నెలకోసారి మా ఇద్దరినీ ఒకచోట కూర్చోబెట్టి "ఆడుకోండి" అనేవాళ్లు. ఏం ఆడాలో తోచేది కాదు. రోజూ కలిసే పిల్లల ఆట నిన్న ఆగిన చోట మొదలవుతుంది, మాది ప్రతిసారీ మళ్లీ మొదటి నుంచే. నాలుగోసారికి వాళ్లమ్మకి ఏదో పని పడింది. అంతే, ఐదోసారి లేదు.

లెక్కల పిచ్చి:
కాన్సస్ విశ్వవిద్యాలయం ప్రొఫెసర్ జెఫ్రీ హాల్ 2018లో ఒక పరిశోధన ప్రచురించారు. పరిచయం మామూలు స్నేహంగా మారాలంటే కలిసి సుమారు 50 గంటలు గడపాలట, దగ్గరి స్నేహానికైతే 200 గంటల పైనే. అది పెద్దవాళ్ల మీద చేసింది, పిల్లలకి ఉన్నదున్నట్టు అంటగట్టను. అయినా చూడండి: గోడ తట్టుకునే పిల్లలు రోజుకో గంట ఆడుకున్నా ఏడు నెలల్లో 200 దాటేస్తారు. నెలకి రెండు గంటల చొప్పునైతే ఎనిమిదేళ్లు దాటుతుంది!
2010లో ఒయిషి, షిమ్మాక్ అనే పరిశోధకులు ఏడు వేల మందికి పైగా అమెరికన్ల వివరాలు పరిశీలించారు. చిన్నప్పుడు ఎక్కువసార్లు ఇళ్లు మారినవాళ్లకి పెద్దయ్యాక జీవితంలో తృప్తి తక్కువగా ఉంది. అయితే ఆ తేడా కనిపించింది తమలో తాము ఉండే స్వభావం ఉన్నవాళ్లలోనే. నలుగురిలో ఇట్టే కలిసిపోయేవాళ్లలో కాదు. కాబట్టి పై ఇద్దరి మాటా నిజమే కావచ్చు. మీవాడు ఎలాంటివాడండీ?

ఐదు బళ్లు మారినవాడు:
అడిగారు కాబట్టి చెప్తున్నా, ఒక్కరితో కూడా మాట్లాడటం లేదు. కానీ రాత్రి అన్నం తినేటప్పుడు మా నాన్న పక్కనే ఉండేవాడు. ఆ కబుర్లు నాకిప్పటికీ గుర్తే. ఇంకోటి, మీరు ఆ పిల్లాడి కోసం ఆగిపోయాక రేపు వాళ్లే ఖాళీ చేసి వెళ్లిపోతే?

ఊరి చివరి అమ్మాయి:
ఆ మాటకి నా దగ్గర జవాబు లేదు, ఒప్పుకుంటా.

మూడో అంతస్తు నాన్న:
వాళ్లది సొంత ఫ్లాట్, ఇప్పట్లో కదలరు. మావాడి సంగతంటారా, కొత్తవాళ్లింటికి వెళ్తే గంట సేపు నా చెయ్యి వదలడు.
ఒకటి చెప్పాలి. ఇంట్లో తొందరగా ఉంటే ఎలా ఉంటుందో చూద్దామని నిన్న పర్మిషన్ తీసుకుని ఆరింటికే వచ్చేశాను. వాడు ఇంట్లో లేడు. గోడ అవతల్నుంచి నవ్వులు వినిపిస్తున్నాయి. ఎనిమిదిన్నర దాకా రాలేదు. వచ్చాక "అదేంటి నాన్నా, అప్పుడే వచ్చేశావ్?" అన్నాడు.
ఆ ఇంటి ఓనర్‌ని ఆదివారం దాకా గడువు అడిగాను.