భూమి కదిలితే పరుగు, హెల్మెట్ లేకుండా హైవే ఎక్కితే ధైర్యమా?

ఒంగోలు గిత్త: 2024 డిసెంబర్‌లో మన ప్రకాశం జిల్లా ముండ్లమూరు, తాళ్లూరు మండలాల్లో వరసగా మూడు రోజులు భూమి కంపిస్తే జనం ఇళ్లలోంచి పరుగెత్తారు. ప్రాణనష్టం సున్నా. 2022లో దేశం మొత్తం మీద హెల్మెట్ పెట్టుకోక రోడ్డు ప్రమాదాల్లో చనిపోయినవాళ్లు 50,029 మంది. ఆ వార్త చదివి ఎవరైనా పరుగెత్తి హెల్మెట్ కొన్నారా? మన భయానికి లెక్కలు రావంటాను. కాదనేవాళ్లు చెప్పండి.

పెన్నా గట్టు: కాదంటున్నా అన్నా. మీరు పోయినవాళ్లను లెక్కేశారు. భయం లెక్కేసేది వేరే: ఎప్పుడొస్తుంది, వస్తే నేనేం చేయగలను? తుపానునే తీసుకోండి. 2023 డిసెంబర్ 5న మిచౌంగ్ బాపట్ల దగ్గర తీరం దాటింది. నెల్లూరులో మాకూ టెన్షనే, కానీ ముందే తెలుసు. రేవుల్లో ప్రమాద హెచ్చరిక ఎగరేస్తారు, బోట్లు ఒడ్డుకు లాగుతారు, మనం పాలూ కొవ్వొత్తులూ తెచ్చిపెట్టుకుంటాం. చేతికి పనుంటుంది. భూకంపానికి బులెటిన్ ఏది?

2016లో లండన్‌లో ఒక ప్రయోగం చేశారు. కంప్యూటర్ తెర మీద రాళ్లు, కింద పాముందో లేదో ఊహించాలి. ఉంటే చేతికి కరెంటు షాక్. షాక్ తప్పదని తెలిసినప్పటికంటే సగం సగం అవకాశం ఉన్నప్పుడే జనానికి ఎక్కువ చెమటలు పట్టాయి. ఇది పిరికితనం కాదు, మనిషి తయారీయే అంత.

ఒంగోలు గిత్త: భయం ఎందుకో చెప్పారు, అది సరైనదని చెప్పలేదు. లారీ మాత్రం చెప్పి వస్తుందా?

కావలి మాస్టారు: హ్యాండిల్ మన చేతిలో ఉందని ధీమా. అదే మనిషిని ఇంకొకరి బండి వెనక కూర్చోబెట్టండి, ప్రతి మలుపులో 'నిదానం, నిదానం' అంటాడు.

ఒంగోలు గిత్త: ఆ ధీమాయే చంపుతోంది మాస్టారూ. 2001 సెప్టెంబర్ దాడుల తర్వాత అమెరికాలో చాలామంది విమానం మానేసి కార్లెక్కారు. ఆ నెలల్లో రోడ్డు మరణాలు పెరిగాయి.

తాళ్లూరు కోడలు: మూడు రోజులయ్యాక 'ఏం కాలేదు' అనడం తేలికే. మొదటి కుదుపు వచ్చినప్పుడు, తర్వాతది ఇంతకంటే చిన్నదేనని ఎవరు చెప్పారు? 1967 మార్చిలో ఒంగోలు దగ్గర 5.4 తీవ్రతతో భూకంపం వచ్చింది, గుర్తున్న పెద్దవాళ్లు ఇంకా ఉన్నారు. పాత మట్టిమిద్దె కింద పడుకున్నవాళ్లు బయటికి రాకుండా ఎలా ఉంటారు? హెల్మెట్ సంగతి వేరే. మా ఇంట్లో దాన్ని బండి ట్యాంకు మీద పెట్టుకుని తిరుగుతారు, తల మీద తప్ప.

ఒంగోలు గిత్త: స్లాబు ఇళ్లవాళ్లూ పరుగెత్తారు గదమ్మా?

తాళ్లూరు కోడలు: ఆ స్లాబులో ఇనుము ఎంత వేశారో మీకు తెలుసా అన్నా?