పోటీ పరీక్షల వాళ్లతో నిండితే గ్రంథాలయం నిండినట్టేనా?

మద్దిలపాలెం నాన్న:
మొన్న ఆదివారం మా పాపని ఇంటి దగ్గర శాఖా గ్రంథాలయానికి తీసుకెళ్లాను. నాలుగో తరగతి చదువుతోంది. బల్లల నిండా గ్రూప్స్‌కీ డీఎస్సీకీ చదివే పిల్లలే, ఒక్కరి ముందూ గ్రంథాలయం పుస్తకం లేదు, అన్నీ ఇంటి నుంచి తెచ్చుకున్న మెటీరియలే. పిల్లల పుస్తకాలెక్కడండీ అంటే తాళం వేసిన బీరువా చూపించారు. తాళంచెవి ఉన్నాయన రాలేదట. లోపల ఏనుగు బొమ్మ అట్ట కనిపిస్తోంటే పాప అద్దానికి ముక్కు ఆనించి అలాగే నిలబడిపోయింది, అక్కణ్ణుంచి కదిలించడానికి నా తలప్రాణం తోకకొచ్చింది. ఇంటి పన్నులో రూపాయికి 8 పైసలు గ్రంథాలయ పన్ను కడుతున్నాం కదా, ఇది దేనికి? సగం బల్లలు పిల్లలకీ మామూలు పాఠకులకీ వదలాల్సిందే.

గాజువాక అభ్యర్థి:
అన్నా, పాప సంగతి చదివితే బాధేసింది. కానీ మమ్మల్ని లేపేస్తే పేపర్ చదివే నలుగురు పెద్దవాళ్లు తప్ప ఎవరుంటారు? అద్దె గదిలో ముగ్గురం ఉంటున్నాం, ప్రైవేట్ స్టడీ హాల్‌కి నెలనెలా కట్టే స్తోమత నాకు లేదు. పొద్దున్నే వెళ్లకపోతే మాకే కుర్చీ దొరకదు. మీ పాపని ఆపింది తాళం, మేం కాదు.

సీతమ్మధార అక్కయ్య:
ఇద్దరికీ ఒక మాట. నేను గ్రంథాలయంలో పనిచేసి రిటైరయ్యాను. ఆ తాళం వెనక ఉన్నది భయం. తనిఖీలో పుస్తకం తగ్గితే సంజాయిషీ మేమే ఇచ్చుకోవాలి, చిరిగినా అంతే, అందుకని బీరువా తీయకపోతే గొడవే ఉండదనుకునేవాళ్లం. నేనూ చాలా ఏళ్లు అలాగే చేశాను, తప్పే. పుస్తకాలున్నది వాడుకోవడానికే అని గ్రంథాలయ శాస్త్రవేత్త రంగనాథన్ గారు 1931లోనే గ్రంథాలయాలకి మొదటి సూత్రంగా రాశారు. 1935లో గ్రంథాలయోద్యమంలో పనిచేసిన పాతూరి నాగభూషణం గారైతే గుంటూరు వైపు పెదవడ్లపూడి, కొల్లిపర ఊళ్ల మధ్య కాలువలో పడవ మీద పుస్తకాలు తిప్పారు. పడవలో తిప్పితే తడవవా, పోవా? అయినా తిప్పారు. చిరిగితే చిరగనివ్వాలి, పిల్లలు చదివిన పుస్తకం చిరుగుతుంది. పై అధికారులు ఆ నష్టాన్ని సిబ్బంది నెత్తిన రుద్దకుండా ఉంటే సగం బీరువాలు రేపే తెరుచుకుంటాయి.

మద్దిలపాలెం నాన్న:
తాళం మాట ఒప్పుకుంటున్నానమ్మా. బల్లల మాట మాత్రం వదలను. బీరువా తీశాక పాప కూర్చోవడానికి చోటుండాలి, పైకి చదివితే ఎవరూ ఉష్ అనకూడదు.

గాజువాక అభ్యర్థి:
పైకి చదివితే మాకు కష్టమే అన్నా, పరీక్ష టెన్షన్‌లో ఉంటాం. ఆదివారం సాయంత్రం ఒక గంట వరండాలో చాప వేస్తే ఎలా ఉంటుంది? బీరువా దగ్గర నేను కూర్చుంటాను, ఏ పుస్తకం ఎవరు తీసుకున్నారో రాసి పెడతాను. మీరు లైబ్రేరియన్ గారిని అడగండి, నేనూ వస్తాను.

మద్దిలపాలెం నాన్న:
శుక్రవారం గ్రంథాలయానికి సెలవు కదా, శనివారం పొద్దున వెళ్దాం. పాపని కూడా తీసుకొస్తాను.