పిల్లల కేసులే చేయాలనుంది, దారి చెప్పండి

అన్నలూ అక్కలూ, మాది ఆదోని పక్క పల్లె, కర్నూల్లో సీనియర్ లాయర్ దగ్గర జూనియర్‌గా చేరి నాలుగేండ్లయింది. మొన్న ఒక పోక్సో (పిల్లల మీద లైంగిక నేరాల చట్టం) కేసులో సాక్ష్యం చెప్పడానికొచ్చిన పాప, పొద్దున్నించి వాళ్ళమ్మ కొంగు వేలికి చుట్టుకుంటా విప్పుకుంటా బెంచీ మీదే కూర్చుంది, సాయంత్రం వాయిదా అన్నారు, నాకు ఆ రాత్రి అన్నం దిగలేదు. ఈ కేసుల్లో సర్కారు తరఫున వాదించే స్పెషల్ పబ్లిక్ ప్రాసిక్యూటర్ కావాలంటే చట్టంలో 7 ఏండ్ల ప్రాక్టీసు అడుగుతారు, అందాకా ఊరికే ఉండబుద్ధి కాలేదు. పిల్లోళ్ళ ఇంటోళ్ళకి లాయర్ని పెట్టుకునే స్తోమత లేకపోతే పోక్సో 40వ సెక్షన్ కింద న్యాయసేవాధికార సంస్థే లాయర్నియ్యాల కదా, ఆ సంస్థ లాయర్ల ప్యానెల్‌లో పనిచేసినోళ్ళు ఎవరన్నా ఉన్నారా? ఫస్టు ఎవర్ని కలవాల, ఇంట్లో అమ్మానాన్న నామీదే ఉన్నారు, ఆ ఫీజుతో ఇల్లు గడుస్తాదా? బెదిరిపోయిన పిల్లోళ్ళతో ఎట్ల మాట్లాడాల్నో నేర్పించే ట్రైనింగ్ దగ్గర్లో ఉంటే అది కూడా చెప్పండి, నాకు అన్నిటికంటే అదే ముఖ్యం.