తుపాను రోజులకు ఫోను చార్జింగ్: మడత సోలార్ ప్యానెలా, వెనక సోలార్ పలక ఉన్న పవర్ బ్యాంకా?

సోంపేట కొబ్బరితోట
అందరికీ నమస్కారం. మా ఇల్లు సోంపేట దగ్గర తోటలో ఉంది. అక్టోబరు దగ్గర పడుతోందంటే మాకు తుపాను భయం మొదలైనట్టే. నాన్నకు వారానికి రెండుసార్లు డయాలసిస్. ఆటో పిలవాలన్నా, ఆసుపత్రివాళ్లు వేళ మార్చామని చెప్పాలన్నా ఇంట్లో ఉన్న ఫోనే ఆధారం. నేను విశాఖలో పని చేస్తున్నాను, అమ్మానాన్నలు ఇద్దరే ఉంటారు. 2018లో తిత్లీ వచ్చినప్పుడు మా ఊళ్లో 18 రోజులు కరెంటు లేదు. రెండు ఫోన్లు, ఒక టార్చి, చిన్న రేడియో, నాన్న బీపీ యంత్రం నడిస్తే చాలు. 3,000 రూపాయల లోపు ఏది కొనమంటారు? ఎన్ని వాట్లు కావాలి? మబ్బులో పని చేస్తుందా? ముఖ్యంగా అమ్మ సులువుగా వాడగలగాలి.

పలాస జీడిపిక్క
వెనక పలక అంటించిన పవర్ బ్యాంకు మాత్రం కొనకండి. దాని మీద 20,000 ఎంఏహెచ్ (బ్యాటరీలో ఎంత కరెంటు పడుతుందో చెప్పే లెక్క) అని రాసి ఉంటే నమ్మి తెచ్చాను. డాబా మీద మూడు రోజులు ఎండబెట్టినా నాలుగు లైట్లలో ఒకటే వెలిగింది. నాలుగో రోజు చూస్తే ఉబ్బిపోయి మూత విడిపోయి ఉంది. ఇంట్లో చంటిపిల్ల ఉంది, అది అంటుకుని ఉంటే మా గతి ఏమిటి? అమ్మినవాడిని అడిగితే, ఎండలో ఎక్కువసేపు పెట్టకూడదని కాగితంలో రాశాం కదా అన్నాడు. సోలార్ అని పేరు పెట్టి అమ్మి, ఎండలో పెట్టకూడదని చెప్పడం మోసం కాక మరేమిటి? ఇప్పటికీ తలచుకుంటే ఒళ్లు మండుతుంది.

నాగావళి మాస్టారు
పై మిత్రుడికి జరిగింది లెక్క తెలిసినవాళ్లు ముందే చెప్పగలరు. అరచేయంత పలక నిండు ఎండలో ఒక వాటు ఇస్తుంది, మహా అయితే ఒకటిన్నర. 20,000 ఎంఏహెచ్‌ను 3.7 వోల్టులతో హెచ్చవేస్తే 74 వాట్ అవర్లు, అంటే ఒక వాటు చొప్పున 74 గంటలు ఇచ్చే శక్తి. ఒకటిన్నర వాట్లతో అది నిండాలంటే 50 గంటల నిండు ఎండ కావాలి. రోజుకు ఐదు గంటల మంచి ఎండ అనుకున్నా పది రోజులు, నష్టాలు కలిపితే రెండు వారాలు. పైగా లిథియం బ్యాటరీని 45 డిగ్రీలు దాటిన వేడిలో చార్జ్ చేయకూడదు. మన డాబా మీద నల్ల పెట్టె మధ్యాహ్నానికి 60 దాటుతుంది. అందుకే పలక ఎండలో ఉండాలి, బ్యాటరీ నీడలో ఉండాలి. రెండూ ఒకే పెట్టెలో ఉంటే ఇది కుదరనే కుదరదు.

సోంపేట బాబూ, మీ ఫోను 5,000 ఎంఏహెచ్‌ది అయితే దాని కడుపు నిండడానికి 19 వాట్ అవర్లు చాలు.

గంటస్తంభం ఎలక్ట్రీషియన్
విజయనగరంలో 16 ఏళ్లుగా ఇళ్ల మీద ప్యానెళ్లు బిగిస్తున్నాను. ఈ మడత ప్యానెళ్లన్నీ ఆటవస్తువులు. రెండేళ్లకు పైపొర పసుపు తిరుగుతుంది, కుట్లు ఊడుతాయి. 20 వాట్ల గాజు ప్యానెల్, 12 వోల్టులది కొనండి. కారులో పెట్టే ఫోను చార్జరును దానికి కలపండి. ఇంటి కప్పు మీద బిగించేస్తే 20 ఏళ్లు చూసుకోనక్కర్లేదు. మన ఎండకు, అందులోనూ మే నెలలో, రాసిన వాట్లన్నీ వస్తాయి. ఇది పుస్తకం చూసి చెప్పేది కాదు, చేతులు కాల్చుకుని నేర్చుకున్నది.

నాగావళి మాస్టారు
ఎలక్ట్రీషియన్ గారూ, మీ అనుభవం మీద గౌరవం ఉంది. కానీ మే నెలలో రాసిన వాట్లన్నీ వస్తాయన్న మాట పచ్చి తప్పు. ప్యానెల్ మీద రాసే వాట్లు పలక 25 డిగ్రీల వద్ద ఉన్నప్పటివి. మే మధ్యాహ్నం ఆ పలక 65 డిగ్రీలకు చేరుతుంది. సిలికాన్ పలక ఒక్కో డిగ్రీకి 0.35 శాతం చొప్పున శక్తి కోల్పోతుంది. 40 డిగ్రీల తేడాకు 14 శాతం అక్కడే పోయింది. వెలుతురు వేరు, వేడి వేరు. ప్యానెల్‌కు కావలసింది వెలుతురు.

గంటస్తంభం ఎలక్ట్రీషియన్
మే రెండో వారంలో సూర్యుడు మనకు నడినెత్తిన ఉంటాడు. పగలు 13 గంటలకు దగ్గరగా ఉంటుంది. జనవరిలో 11 గంటలే, పైగా సూర్యుడు దక్షిణానికి ఒరిగిపోతాడు. మీ 14 శాతాన్ని ఆ రెండు గంటలు మింగేయవా? నేను బిగించిన ఇళ్లలో మే నెల యూనిట్లు చూసే మాట్లాడుతున్నాను.

నాగావళి మాస్టారు
మీరు రోజు మొత్తం మీద వచ్చే యూనిట్ల సంగతి చెబుతున్నారు, నేను ఒక్క క్షణంలో వచ్చే వాట్ల సంగతి చెబుతున్నాను. ఈ రెండూ ఒకటి కావు. "రాసిన వాట్లన్నీ వస్తాయి" అన్నది మీ మాటే. దాన్ని నమ్మి ఒక మనిషి 10 వాట్ల ప్యానెల్ కొని, అది 7 ఇస్తుంటే చెడిపోయిందనుకుని పారేస్తాడు. పిల్లలకు ఫిజిక్స్ చెప్పి రిటైరయ్యాను, ఇలాంటి చోట ఊరుకోలేను.

భావనపాడు తీరం
ఇద్దరూ ఉప్పుగాలి సంగతి మరిచారు. మా ఫైబర్ పడవ మీద ఫోను, చేతి జీపీఎస్ కోసం 14 వాట్ల మడత ప్యానెల్ వాడాను. పలక బాగానే ఉంది. ఆరు నెలలకు యూఎస్‌బీ రంధ్రంలో పచ్చగా చిలుము పట్టి పిన్నులు తినేసింది. ఇప్పుడు వాడే దానికి రబ్బరు మూత ఉంది. తీరానికి రాగానే మంచినీళ్ల గుడ్డతో తుడిచి, ఆరబెట్టి సంచిలో పెడతాను. ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు వేట నిషేధంలో ఊరికే పడి ఉన్నప్పుడే ఎక్కువ చెడిపోతుంది. ఆ రెండు నెలలూ బియ్యపు డబ్బాలో దాస్తాను. సోంపేట కూడా సముద్రానికి దగ్గరే కదా తమ్ముడూ, మూత ఉన్నదే చూసుకో.

మహేంద్రగిరి నడక
వీపు సంచికి ప్యానెల్ కట్టుకుని నడుస్తూ ఫోను నింపుకోవచ్చని ప్రకటనలు చూసి ఎవరూ మోసపోకండి. చెట్ల నీడలో, ఒకసారి తూర్పుకు ఒకసారి పడమరకు తిరుగుతూ నడిస్తే ఏమీ రాదు. కొండ ఎక్కిన రోజంతా కట్టుకుని తిరిగితే ఫోనులో 9 శాతం పెరిగింది. మర్నాడు బండ మీద కదలకుండా పరిస్తే గంటన్నరలో అంతకు మూడింతలు వచ్చింది.

పలాస జీడిపిక్క
కొండలు ఎక్కేవాళ్ల సరదా వేరు. తుపానులో చిక్కుకున్నవాళ్ల అవసరం వేరు.

మహేంద్రగిరి నడక
సరదా అని ఎందుకు తీసిపారేస్తారు? ప్యానెల్ కదలకుండా ఉండాలన్న సంగతి తోటలో ఉన్నవాళ్లకు కూడా పనికొస్తుంది కనుకే రాశాను.

చీపురుపల్లి మంద
మా పెదనాన్న గొర్రెల మంద వెంట నెలల తరబడి ఊళ్లు తిరుగుతాడు. ఆయనకు 6 వాట్ల చిన్న ప్యానెల్ కొనిచ్చాను. కీప్యాడ్ ఫోను, అందులో 1,000 ఎంఏహెచ్ బ్యాటరీ, అంటే నాలుగు వాట్ అవర్లు కూడా ఉండదు. ఎండపూట మంద పడుకున్నప్పుడు పరిస్తే రెండు గంటల్లో నిండిపోతుంది. మూడేళ్లయింది. ఇంతకుముందు ఫోను చార్జింగు కోసం ఊళ్లోకి వెళ్లి ఎవరి గుమ్మం ముందో నిలబడేవాడు. ఇప్పుడు రోజూ రాత్రి ఆయనే మాకు ఫోను చేస్తాడు. తుపాను కోసమైతే పెద్ద ఫోనుతో పాటు ఒక కీప్యాడ్ ఫోను కూడా ఇంట్లో ఉంచండి, ఒకసారి నింపితే నాలుగైదు రోజులు వస్తుంది.

గంటస్తంభం ఎలక్ట్రీషియన్
ఇది మంచి మాట. కానీ నా 20 వాట్ల ప్యానెల్, కారు చార్జరు ఎందుకు పనికిరావో ఎవరూ చెప్పలేదు.

నాగావళి మాస్టారు
పనికిరాదని నేను అనలేదు. నేరుగా ఫోనుకు కలపడమే ఇబ్బంది. మబ్బు అడ్డం వస్తే పలక ఇచ్చేది నాలుగో వంతుకు పడిపోతుంది, ఫోను మాత్రం మునుపటిలాగే లాగుతుంది. వోల్టేజీ కూలి చార్జరు ఆగుతుంది, మళ్లీ మొదలవుతుంది, మళ్లీ ఆగుతుంది. కొన్ని ఫోన్లు మబ్బు పోయాక కూడా తక్కువ కరెంటు దగ్గరే ఉండిపోతాయి. ఒకసారి వైరు పీకి పెడితే గాని దారికి రావు. మధ్యలో పవర్ బ్యాంకు ఉంటే పగలు అది నిండుతుంది, రాత్రి దాని నుంచి ఫోను నింపుకోవచ్చు.

గంటస్తంభం ఎలక్ట్రీషియన్
పవర్ బ్యాంకు రెండు మూడేళ్లకు చచ్చిపోతుంది. అదే పాత స్కూటరు బ్యాటరీ పెడితే మా కుర్రవాడే బాగు చేస్తాడు.

నాగావళి మాస్టారు
యాసిడ్ బ్యాటరీని డయాలసిస్ పేషెంటు ఉన్న గదిలో పెట్టమంటారా?

గంటస్తంభం ఎలక్ట్రీషియన్
గదిలో అని నేనెక్కడ అన్నాను? వరండాలో పెట్టుకోవచ్చు. నా నోట్లో లేని మాటలు పెట్టకండి మాస్టారూ. వయసుకు మర్యాద ఇచ్చి ఊరుకుంటున్నాను.

బొబ్బిలి వీణ
అమ్మ సులువుగా వాడగలగాలి అని ఆ అబ్బాయి అడిగాడు. ఇంతమంది రాశారు, ఆ ఒక్కదానికీ జవాబు లేదు. మా అత్తగారికి నేను చేసింది చెబుతాను. ప్యానెల్ వైరుకు ఎర్ర దారం, ఫోను వైరుకు పచ్చ దారం కట్టాను. ఎర్రది పగలు, పచ్చది రాత్రి, అంతే. కరెంటు ఉన్న రోజుల్లోనే నెలకు ఒక ఆదివారం ఆవిడ చేతనే చేయిస్తాను. గాలివాన వచ్చాక ఫోనులో చెప్పి నేర్పడం జరగని పని. ఇంకొకటి. పవర్ బ్యాంకును తుపాను కబురు వినగానే గోడ కరెంటుతోనే నిండుగా నింపాలి. సోలార్ మీద ఆధారపడేది ఆ తర్వాత రోజుల కోసమే.

పలాస జీడిపిక్క
అమ్మా, మంచి మాట చెప్పారు. తిత్లీ అప్పుడు జనరేటరు ఉన్నచోట ఫోనుకు 20 రూపాయలు ఇచ్చి వరసలో నిలబడ్డాను. తీరా నింపుకొచ్చాక సిగ్నల్ లేదు, టవరులో డీజిలు అయిపోయిందట. ఆ రాత్రి ఆకాశవాణి విశాఖపట్నం ఒక్కటే దిక్కయింది. రేడియోను వెనక్కి నెట్టకండి.

సోంపేట కొబ్బరితోట
అందరికీ చాలా కృతజ్ఞతలు. ఎలక్ట్రీషియన్ అన్నా, నీ సలహా మంచిదే, కానీ కప్పు మీద బిగించింది తిత్లీ లాంటి గాలికి నిలుస్తుందని నాకు ధైర్యం లేదు. మా పొరుగువాళ్ల రేకులే మళ్లీ దొరకలేదు. గాలి వచ్చినప్పుడు మడిచి బీరువాలో పెట్టగలిగేదే కావాలనిపించింది. 21 వాట్లని రాసిన మూడు మడతల ప్యానెల్, విడిగా 10,000 ఎంఏహెచ్ పవర్ బ్యాంకు తీసుకున్నాను. రెంటికీ కలిపి 3,000 దాటింది, ఫరవాలేదు. చిన్న యూఎస్‌బీ మీటరు కూడా కొన్నాను.

నిన్న ఆదివారం అమ్మ చేతనే పరిపించాను. పెరట్లో పెడితే మీటరులో 3 వాట్లే కనిపించాయి. చెడిపోయిందేమోనని గుండె జారింది. తీరా చూస్తే ఒక కొబ్బరి మట్ట నీడ, రెండు వేళ్ల వెడల్పున, మధ్య మడత మీద పడుతోంది. ప్యానెల్‌ను నూతి గట్టు మీదికి మార్చగానే 13 వాట్లకు పెరిగింది. తిత్లీలో మా చెట్లు ఎన్నో పోయాయి. ఆ తర్వాత నాటినవే ఇప్పుడు నీడ ఇస్తున్నాయి, వాటిని తిట్టుకోవడానికి మనసు రాలేదు.

నాగావళి మాస్టారు
చాలా సంతోషం బాబూ. ప్యానెల్‌లోని గళ్లు గొలుసులా వరసగా కలిపి ఉంటాయి, ఒక్కదాని మీద నీడ పడినా వరస మొత్తం కరెంటు తగ్గుతుంది. 21కి 13 రావడం న్యాయమైనదే. అక్టోబరు మధ్యాహ్నం మీ దగ్గర సూర్యుడు నడినెత్తి నుంచి దక్షిణానికి 27 డిగ్రీలు ఒరిగి ఉంటాడు. ప్యానెల్‌ను ఆ వైపుకు వాల్చి, కింద ఇటుక పెట్టండి. అరసవిల్లిలో మార్చిలో, అక్టోబరులో మాత్రమే కిరణాలు స్వామి పాదాలను తాకుతాయి కదా, సూర్యుడి దారి రోజూ జరుగుతూ ఉండడమే దానికి కారణం. పవర్ బ్యాంకును ప్యానెల్ వెనక నీడలో, నేలకు తగలకుండా పెట్టమని అమ్మగారికి చెప్పండి. దాని మీద 10,000 అని ఉన్నా ఫోనుకు చేరేది 6,000 చిల్లరే. ఒక ఫోను పూర్తిగా, రెండోది కాస్త నిండుతుంది.

గంటస్తంభం ఎలక్ట్రీషియన్
ఈ మధ్యాహ్నం మా షాపు మీద 20 వాట్ల గాజు ప్యానెల్‌ను మీటరు పెట్టి కొలిచాను. పన్నెండుంబావుకు 15.6 వచ్చింది. తడిగుడ్డతో తుడిచి చల్లబడ్డాక 16.9. వేడి విషయంలో మాస్టారి మాట నిజమే, ఒప్పుకుంటున్నాను. రోజు మొత్తం యూనిట్ల విషయంలో మాత్రం నా మాట మీదే ఉంటాను.

చీపురుపల్లి మంద
తుడిచినప్పుడు దుమ్ము పోయినందుకు కూడా పెరిగి ఉండవచ్చు కదా?

గంటస్తంభం ఎలక్ట్రీషియన్
పొద్దున్నే కడిగాను. దుమ్ము లేదు.

సోంపేట కొబ్బరితోట
ఒక్క సందేహం మిగిలింది. నాన్న బీపీ యంత్రానికి యూఎస్‌బీ రంధ్రం లేదు, నాలుగు పెన్సిల్ సెల్లులు వేయాలి. వాటికి సోలార్ చార్జరు ఏదైనా ఉందా?

బొబ్బిలి వీణ
దానికి సోలార్ ఎందుకు బాబూ? నాలుగు కొత్త ఆల్కలైన్ సెల్లులు కొని విప్పకుండా యంత్రం పక్కనే ఉంచండి. రోజుకు రెండుసార్లు చూసినా నెలల తరబడి వస్తాయి. యంత్రంలో ఇప్పుడున్న పాతవి మాత్రం ఈ రోజే తీయించండి. మా ఇంట్లో అవి కారిపోయి స్ప్రింగులు తినేశాయి. సరిగ్గా మామగారికి కళ్లు తిరిగిన రోజునే యంత్రం పని చేయలేదు.

సోంపేట కొబ్బరితోట
ఇప్పుడే అమ్మకు ఫోను చేశాను. తీసి చూసింది, ఒక సెల్లు అడుగున తెల్లగా ఉప్పులా పట్టి ఉందట. రేపు కొత్తవి తెప్పిస్తున్నాను.