వానలు బాగా పడ్డాయి, మ్యాప్‌లో మాత్రం మా గుట్ట ఎండిపోయింది. ఎందుకు?

గుట్టకింద_ఇల్లు:
మాది కళ్యాణదుర్గం దగ్గర పల్లె. మా నాయనకు అరవై జీవాలు. "ముందులాగ గుట్ట మీద గడ్డి లేదురా" అని పదేళ్లుగా ఒకటే పాట. అది నిజమో, వయసు మాటో తేల్చుదామని సెంటినెల్-2 (యూరప్ ఉపగ్రహం) ఫొటోలు దింపి, 2018 నుంచి 2023 దాకా ప్రతి మే నెలకీ క్యూజీఐఎస్ అనే మ్యాప్ సాఫ్ట్‌వేర్‌లో ఎన్‌డీవీఐ (నేల ఎంత పచ్చగా ఉందో చెప్పే అంకె) లెక్కేశా. మేలో మబ్బులు తక్కువ కదా, అందుకని. 2021 వరకు కాస్త అటూ ఇటూ. 2022లో ధబాలున పడింది, మళ్లీ లేవలేదు. కానీ 2021 నవంబర్‌లో మా వైపు వానలు ఎట్లా కొట్టాయో గుర్తుంది కదా, చెరువులు మరవ పారాయి. అంత వానకి గడ్డి పెరగాలి గానీ చావడమేంది? నాయనకు చూపిస్తే "నేను చెప్పలే!" అని సంబరం. నాకే నమ్మకం కుదరడం లేదు.

రాస్టర్_రాణి:
గడ్డి కాదండీ, లెక్క చచ్చింది. 2022 జనవరి 25 నుంచి సెంటినెల్-2 ప్రాసెసింగ్ మారింది. ప్రతి పిక్సెల్ విలువకీ 1000 కలిపి ఇస్తున్నారు. మే నెల ఎర్రనేలలో రెడ్ (ఎర్ర కాంతి) 2000, నియర్ ఇన్‌ఫ్రారెడ్ (కంటికి కనపడని కాంతి, పచ్చటి ఆకు దీన్ని బాగా తిప్పికొడుతుంది) 2800 అనుకోండి. తేడా 800, మొత్తం 4800, తేడాను మొత్తంతో భాగిస్తే ఎన్‌డీవీఐ 0.17. రెండింటికీ వెయ్యి కలిస్తే తేడా అదే 800, మొత్తం మాత్రం 6800. వచ్చేది 0.12! ఫైలు పేరులో ఎన్ అక్షరం పక్కన నాలుగు అంకెలు ఉంటాయి. 0400 గానీ అంతకంటే ఎక్కువ గానీ ఉంటే ముందు 1000 తీసేసి, తర్వాత లెక్కేయండి. తేదీని నమ్ముకోకండి, పాత ఫొటోలను కూడా కొత్త పద్ధతిలో మళ్లీ విడుదల చేశారు. నేనూ ఒక రిపోర్టు మొత్తం తిరగరాశాను లెండి.

గుట్టకింద_ఇల్లు:
అక్కా, తీసేశా. గ్రాఫ్‌లో 2022 గుంత మాయం! గీత ఇప్పుడు నేల చదునుగా ఉంది. రిపోర్టు రాయకముందే అడిగా, బతికిపోయా. కానీ నాయనతో "నీ మాట తప్పు" అని ఎట్లా చెప్పేది?

ఎర్రనేల:
తొందరపడి చెప్పకు తమ్ముడూ. మేలో చూస్తే గడ్డి ఎట్లా దొరుకుతుంది? ఎండుగడ్డికీ ఎర్రమట్టికీ ఎన్‌డీవీఐలో పెద్ద తేడా ఉండదు. ఆ నెలలో పచ్చగా నిలిచేది సర్కారు తుమ్మ, దాని వేరు లోతుకు పోతుంది. గడ్డి పోయిన చోట కంప పెరిగితే నీ గీత చదునుగానే ఉంటుంది, పైకి కూడా లేవచ్చు. జీవాలు ఆ కాయలు తింటాయి గానీ ఆకు ముట్టవు. మనకు వాన ఎక్కువగా సెప్టెంబర్, అక్టోబర్‌లలో. కాబట్టి అక్టోబర్ చివర్లో మబ్బు విడిచిన రోజు ఫొటో తీసుకో, అందులోంచి మే విలువ తీసెయ్. మిగిలినదాంట్లో ఎక్కువ భాగం వానకు మొలిచే గడ్డే. దాన్ని కూడా ఆ ఏటి వాన పక్కన పెట్టి చూడు. వాన తక్కువై గడ్డి తగ్గడం వేరు, వానపడినా గడ్డి రాకపోవడం వేరు. ఆరేళ్లు చాలవు, ల్యాండ్‌శాట్ (అమెరికా ఉపగ్రహాలు) ఫొటోలకి పో. పిక్సెల్ 30 మీటర్లే గానీ 1980ల నుంచీ ఉంది.

గుట్టకింద_ఇల్లు:
నిన్న నాయనను గుట్టెక్కించి, ఆయన "ఇక్కడ మోకాలెత్తు గడ్డి ఉండేది" అన్న నాలుగు చోట్లా ఫోన్‌లో జీపీఎస్ గుర్తులు పెట్టా. మూడింట్లో ఇప్పుడు కంపే, చొక్కా కూడా చినిగింది. అక్టోబర్ ఫొటోలు దింపుతున్నా. మా ఊరి నెట్‌కి ఒక్కోటి ఒక పూట పడుతోంది.